రంజన్‌లో పోసిన నీళ్లు

శామీర్‌పేట,
ఆదివారం సాయంత్రం

తమ్ముడు దానియేలుకు,

దేవుని కృప మీ ఇంటి మీద నిలవాలని ప్రార్థించి అక్క రాస్తున్నది. నువ్వు, మరదలు, పిల్లలు ఎలా ఉన్నారు? కంటి ఆపరేషన్ తర్వాత చిన్నమ్మకు చూపు ఎలా ఉంది? చుక్కల మందు మానొద్దని చెప్పు. మేము బాగున్నాము. దిగులు పెట్టుకోకు.

ఈ సంగతి ఫోన్‌లో చెప్పబోయి రెండుసార్లు ఆగిపోయాను. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఎండలు ముదిరాయి. కాలనీలో బోర్లు ఎండిపోయాయి. ట్యాంకర్ వచ్చిన రోజు వచ్చినట్టు. నేను పొద్దున్నే తుర్కపల్లి హాస్టల్‌కు వంటకు పోతున్నాను. ల్యాబుల్లో పనిచేసే ఆడపిల్లలు నా పచ్చిపులుసు ఇష్టంగా తింటారు. మధ్యాహ్నం ఇంటికొస్తే మాట్లాడే మనిషి ఉండదు. అప్పుడు మీరు గుర్తొస్తారు. అయినా బాగానే ఉన్నాను.

కుత్బుల్లాపూర్‌లో కంపెనీ మూతపడ్డాక మీ బావ మా కాలనీలోనే మురుగునీళ్లు శుద్ధిచేసే ప్లాంటులో చేరారు కదా. ఇన్నాళ్లూ ఆ నీళ్లు చెట్లకు పోసేవారు. ఈసారి కరువుకు కొత్త యంత్రాలు తెప్పించి, మళ్లీ మళ్లీ వడగట్టి, తాగే నీళ్లుగా చేస్తున్నారు. ల్యాబు పరీక్షలో బాగున్నాయన్నారు. కాలనీ ఒప్పుకునేదాకా ఎవరికీ ఇవ్వరు. ఇంజనీరు, మీ బావ, నేను మాత్రం తాగుతున్నాము. అందరూ ఒప్పుకుంటే మీ బావ పని నిలుస్తుంది. వద్దంటే యంత్రాలు పోతాయి, వాటితో పనీ పోతుంది. ఈ వయసులో ఇంకొకరు పిలిచి పనివ్వరు.

ఇక నా తప్పు చెబుతాను. ఆదివారం ఆరాధన కాగానే మందిరం వాకిట్లో మట్టి రంజన్ దగ్గర నిలబడి అందరికీ నీళ్లు అందించడం నా సేవ. మూడు వారాల కిందట ట్యాంకర్ రాలేదు. రంజన్ ఖాళీ. ఇంట్లో ప్లాంటు నీళ్లు రెండు క్యాన్లున్నాయి. తెచ్చి పోశాను. మీ బావకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే తాగరని తెలుసు. మా మందిరంలో అందరికన్నా పెద్దది మరియమ్మ అవ్వ. రెండు గ్లాసులు తాగి, "సల్లగున్నయి బిడ్డా, పానం లేసొచ్చింది" అన్నది. నేను నవ్వి పక్కవాళ్లకు గ్లాసు అందించాను. ఆ వారమంతా మోకరిస్తే ప్రార్థనకు మాట రాలేదు.

ఆ శనివారమే కాలనీ హాల్లో మీటింగు పెట్టారు. ఇంజనీరు చెప్పడం ముగించకముందే మరియమ్మ అవ్వ లేచింది.

"మోరి నీళ్లు తాపుతరా మాకు? మీ ఇంట్ల తాగుండ్రి పోండ్రి!"

"మోరి నీళ్లు గావవ్వా, కడిగిన నీళ్లు" అన్నారు మీ బావ.

"నీళ్లను దేంతోని కడిగినవ్ ప్రకాశం? సబ్బువెట్టి రుద్దినవా?"

హాలంతా నవ్వింది. కాలనీ సంఘం పెద్ద జంగారెడ్డి సారు చెయ్యెత్తి ఆపారు. "నవ్వుడు తర్వాత. ట్యాంకర్ నీళ్లు యాడికెల్లి తెస్తున్నరో ఎవలకన్న ఎర్కనా? గవి అడగకుంట తాగుతలేమా?"

"గవి కండ్లకు మంచిగనే కనవడుతున్నయి గద సారూ" అన్నది అవ్వ.

మీ బావ నా దగ్గరికి వంగి, "చెప్పు. అవ్వ తాగింది గద. ఒక్క మాటతోని అందరి నోర్లు మూతవడ్తయి" అన్నారు. నిజమే. కానీ అంతమందిలో ఆ ముసలామె తల వంచుకోవాలి. "ఇక్కడ కాదు" అన్నాను. ఆయన కోపంగా నన్ను వదిలి ముందే ఇంటికి నడిచారు.

తమ్ముడూ, మన ఊరి బోరు నీళ్లు అద్దంలా ఉండేవి. అమ్మ మోకాళ్లు బిగుసుకుపోయాక గానీ వాటిలో ఫ్లోరైడ్ ఉందని మనకు తెలియలేదు. నేను పోసినవి మంచి నీళ్లే. అయినా తాగే మనిషికి చెప్పకుండా పోశాను.

మర్నాడు ముందు అవ్వ ఇంటికి పోయి చెప్పాను. తర్వాత ఆరాధనలో లేచి అందరి ముందూ చెప్పాను. అవ్వ తిట్టలేదు. "నన్నొక్క మాట అడిగితే నీ నోరు పోతుండెనా?" అన్నది. మాట కాలనీకి పాకింది. జంగారెడ్డి సారు ఇంటికొచ్చి, "ఇగ మేం ఎట్ల నమ్మాలమ్మా?" అన్నారు. వానలు పడ్డాక మళ్లీ మాట్లాడదామని నిర్ణయం వాయిదా వేశారు. అప్పటిదాకా మీ బావ పని ఉంటుందో ఉండదో చెప్పలేదు. పోయిన ఆదివారం అవ్వ ఇంటి నుంచి సీసాలో నీళ్లు తెచ్చుకుంది. నా వైపు రాలేదు.

ఈ రోజు ఇంజనీరును అడిగి రెండు రంజన్లు పెట్టాను. ఏ నీళ్లు ఎందులో ఉన్నాయో మీ బావే అట్టల మీద రాసి కట్టారు. ఆయన కోపం తగ్గింది. ప్లాంటు నీళ్లు నలుగురు తాగారు. మిగతావాళ్లు ట్యాంకర్‌వి తాగారు. చివరికి అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆమెకు చదువు రాదు.

"ఏది ఏందో జెప్పు."

చెప్పాను. ప్లాంటు నీళ్లు గ్లాసులో పోయించుకుని, వాసన చూసి, మొక్కల్లో పారబోసింది.

"నాకింక మనసొప్పుతలేదు బిడ్డా."

"ఒప్పకపోతే వద్దవ్వా."

ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాను ఈసారి సంచిలోంచి తీయలేదు. ఖాళీ గ్లాసు నా ముందుకు చాచి, "ట్యాంకర్‌వి పొయ్యి. నువ్వే పొయ్యాలె" అన్నది. గ్లాసు నిండేదాకా నా మొహమే చూసింది, నీళ్ల వైపు చూడలేదు.

మీ బావ పని కోసం ప్రార్థించండి. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం పాత చింతపండు పంపు. చిన్నమ్మకు నా వందనాలు చెప్పి, నా కోసం ఒక మాట ప్రార్థించమను. మరదలికి, పిల్లలకు నా దీవెనలు. మేము బాగున్నాము.

రోజూ ప్రార్థనలో మిమ్మల్ని పేరు పేరునా తలుచుకునే,
అక్క సువార్తమ్మ