వెనక్కి పరుగెత్తిన దేవుడు

ఆమున్ ఒయాసిస్సు,
రాజుగారి ఎనిమిదో ఏడు, కోతల కాలం, రెండో నెల.

మెంఫిస్ పట్నం, కుమ్మరుల వీధిలో ఉన్న మా అక్క ముతిర్దిస్‌కు చెల్లెలు తకుషిత్ నమస్కరించి రాయించిన ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలని రోజూ పొద్దున్నే ఆమున్ స్వామి ఎదట నీ పేరు చెప్పి మొక్కుకుంటున్నాను.

క్షేమం అన్న మాట ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది కాబట్టి నువ్వు దాన్ని పట్టించుకోకుండా కిందికి వచ్చేసి ఉంటావు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివించుకో. నీ కొడుకు హర్వా క్షేమం. వాడి ముక్కు వాడి మొహం మీదే ఉంది. ఇప్పుడే రెండు రొట్టెలూ ఒక పెద్ద ఉల్లిపాయా తిని, ఇంకో రొట్టె ఉందా పిన్నీ అని అడిగి, అదీ చేత పట్టుకుని బయటికి వెళ్ళాడు.

వాడికి రాయడం వచ్చి కూడా ఈ ఉత్తరం వాడి చేత రాయించలేదు. గుడి లేఖకుడు నెస్మిన్‌ను పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి చెబుతున్నాను. దీని మీద గుడి ముద్ర పడుతుంది. ఉప్పు బిడారుతో వచ్చిన గాడిదలవాళ్ళు మీ వీధిలో ఏం వాగి ఉంటారో నాకు తెలుసు. ముతిర్దిస్ కొడుకు దేవుడి సొమ్ము తిన్నాడట, ముక్కు కోసి రాతి గనులకు తోలేస్తారట అని నీళ్ళ రేవులో నీ చెవిన పడేటట్టే అని ఉంటారు. అలా అన్నవాళ్ళందరినీ నీ గుమ్మంలో కూర్చోబెట్టి, ఈ ముద్ర చూపించి, గొంతున్నవాడి చేత గట్టిగా చదివించు. నేనైతే రెండుసార్లు చదివిస్తాను.

జరిగింది మొదటినుంచీ చెబుతాను. రాజుగారి గుళ్ళకు ఏటా వెళ్ళే స్వామి ఉప్పు సంగతి నీకు కొత్త కాదు. ఖర్జూరపాకు బుట్టల్లో ఉప్పు నింపి మూతలు కుట్టడం మన నాన్న పని. ఆ ముడి నాన్న తరువాత నాకూ, నా తరువాత హర్వాకూ తప్ప ఊళ్ళో ఎవరికీ రాదు. వాణ్ణి ఇక్కడికి పంపమని నీ ప్రాణం తోడేసింది కూడా అందుకే. బిడారు బయలుదేరే ముందు గిడ్డంగి తెరిచారు. ముందు వరసల బుట్టలు నిండుగా ఉన్నాయి. వెనక గోడవారనున్న బుట్టలు ఎత్తబోతే దూదిమూటల్లా లేచాయి. మూతలు కుట్టినవి కుట్టినట్టే ఉన్నాయి, లోపల మాత్రం చారెడు ఉప్పు లేదు. తలుపు మీది ముద్ర కూడా చెక్కుచెదరలేదు.

గిడ్డంగి అధికారి పెతెసేకు ఇక ఆలోచించే పనే లేకపోయింది. తలుపుకు ముద్ర పడకముందే వీడు ఉప్పు కాజేసి, ఖాళీ బుట్టలు కుట్టి వెనక పెట్టాడు, ఆ ముడి వెయ్యగలిగినవాడు ఊళ్ళో ఇంకెవడున్నాడు అన్నాడు. హర్వా ఊరుకోవచ్చు కదా! అంత ఉప్పు నేనేం చేసుకుంటాను బాబూ, నా దగ్గరేమైనా సముద్రంలో చేపలన్నీ ఊరెయ్యడానికి ఉన్నాయా అన్నాడు. నీ నోరే వచ్చింది వాడికి. పెతెసే ఒళ్ళు మండి, వాణ్ణి గుడి కొట్లో వేయించాడు.

మనుషులు తేల్చలేనిది స్వామి తేలుస్తాడు, పండుగనాడు స్వామి పడవ మనుషుల భుజాల మీద బయటికి వచ్చినప్పుడు అడుగుదాం అన్నారు పెద్దపూజారి. పండుగ వచ్చేదాకా మా ఇల్లు ఇల్లుగా లేదు. మా ఆయన జెహో ఆ పడవకు ముందు కొయ్య మోసే మనిషి. తిండి మానేశాడు. నేను ఏడిస్తే గోడవైపు తిరిగి కూర్చునేవాడు. నీ మరిది సంగతి నీకు తెలియనిదేముంది, నవ్వాలన్నా ముందు ఎవరినైనా సెలవు అడుగుతాడు. నీకు కబురు పెట్టాలంటే చెయ్యి రాలేదక్కా. ఏమని పెట్టను?

పండుగనాడు పాడేవాళ్ళ వరసలోకి రానని మొండికేశాను. రాకపోతే పిల్లవాడిది తప్పని నువ్వే ఒప్పుకున్నట్టు అని పక్కింటావిడ రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. స్వామి తెర చాటున కూర్చుని పడవలో బయటికి వచ్చాడు. అంచులకు వేలాడే వెండి గిన్నెలు గలగలమన్నాయి. హర్వాను ఆవరణ మధ్యలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. చిక్కి సగమయ్యాడు. ప్రభూ, నీ ఉప్పు తీసినవాడు వీడేనా అని పెద్దపూజారి అడిగారు. పడవ ముందుకు వస్తే అవును, వెనక్కి వెళితే కాదు.  కళ్ళు మూసుకుందామంటే రెప్పలు పడలేదు.

అక్కా, పడవ వెనక్కి వెళ్ళింది! వెళ్ళిందంటే ఎప్పటిలా ఒక అడుగు వేసి ఆగడం కాదు. పలుపు తెంచుకున్న గిత్తలా వెళ్ళింది. మోసేవాళ్ళు వెనక్కి వెనక్కి పరుగు. గిన్నెలు ఒకదాన్నొకటి మోదుకుంటున్నాయి. చాలు ప్రభూ, తెలిసింది ప్రభూ, ఆగు ప్రభూ అని అరుస్తూ పెద్దపూజారి బట్ట పైకెత్తి పట్టుకుని వెంటపడ్డారు. స్వామిని ప్రశ్నలడగడానికి సముద్రం దాటి వచ్చిన యవనులు ఇదీ ఉత్సవంలో భాగమే కాబోలనుకుని చప్పట్లు కొట్టారు. పడవ ఆవరణ దాటింది, మెట్లు తప్పించుకుంది, వెళ్ళి వెళ్ళి కొండరాయిదాకా కట్టిన ఉప్పు గిడ్డంగి పక్కగోడను గుద్దింది. మట్టిగోడ కదా, సగానికి సగం కూలిపోయింది.

దుమ్ము తగ్గాక చూస్తే వెనక గోడకూ కొండరాయికీ మధ్యనున్న సందు బయటపడింది. అందులో మోకాలెత్తున తెల్లగా ఉప్పు గడ్డకట్టి ఉంది. పెద్దపూజారి గోటితో గీకి నాలుక మీద వేసుకుని, స్వామి ఉప్పే అన్నారు. మొన్న చలికాలంలో కొండ మీద వాన పడిందని నీకు కబురు చేశాను చూడు, ఆ వానే దొంగ. పైకప్పు అంచునుంచి గోడవార బుట్టల మీదికి కారి, ఉప్పంతా కరిగించి, గోడ అడుగునుంచి సందులోకి తీసుకుపోయింది. తరువాతి ఎండలకు బుట్టలు ఆరిపోయి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాయి.

వాన పడితే ఉప్పు కరుగుతుందని ఊళ్ళో ఎవరికీ తోచలేదా అని నువ్వు అడుగుతావు. చాలా ఏళ్ళకు పడిన వాన అది. స్వామి ఆశీర్వాదం అన్నారు పెద్దపూజారి. మేమంతా నెత్తిన చల్లుకున్నాం, పాటలు పాడాం. ఆశీర్వాదం వల్ల దేవుడి ఇల్లు కారిందేమో చూసొస్తానని నిచ్చెన ఎక్కేవాడు ఎవడు? మా ఇళ్ళ కప్పులన్నీ ఆ మర్నాడే చూసుకున్నాం. గుడి కప్పు జోలికి మాత్రం పోలేదు.

స్వామికి ఇక్కడ గుడి కట్టమని చెప్పిన నల్లపావురం వచ్చి ఈ కొండ మీద వాలిన నాటినుంచీ, రాతిగుడి కట్టించిన రాజు నాటినుంచీ, మన మీదికి దండు పంపి ఇసుకపాలు చేసుకున్న ఆ పరదేశి ప్రభువు నాటినుంచీ స్వామి ఇలా పరుగెత్తినట్టు పెద్దలెవరూ చెప్పలేదట. ఈ సంగతి గోడ మీద చెక్కిస్తామంటున్నారు. పెతెసే మా ఇంటికి వచ్చి, నిలబడే, క్షమించమన్నాడు. కూర్చోమనలేదు కానీ నీళ్ళిచ్చాను.

పెద్దపూజారి హర్వాను లేపి నా చేతికి అప్పగించారు. ఆవరణలోనే చతికిలబడి, వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, అంత మీసాలవాణ్ణి పట్టుకుని ముక్కు తడిమి తడిమి చూశాను. అందరూ నవ్వారు. నవ్వనీ. గుండెల మీది బండ దిగిపోయింది. నువ్వూ కడుపునిండా తిని నిద్రపో అక్కా. వచ్చే బిడారుతో వాణ్ణి ఒకసారి పంపుతాను, నీ చేత్తో తడిమి చూసుకో.

ఇట్లు,
నీ చెల్లెలు,
తకుషిత్,
ఆమున్ గుడి గాయని.

తా.క. అమ్మా, ఇది హర్వా రాత. నెస్మిన్ గారు ఉత్తరానికి ముద్ర వేసి వెళ్ళిపోయాక పిన్ని తలుపు గడియపెట్టి, రాయమని ఈ పెద్ద కుండపెంకు నా చేతికిచ్చింది. ఖర్జూరాల బుట్ట అడుగున పెట్టి పంపుతున్నాం. నమ్మకమైనవాళ్ళ చేత గుట్టుగా చదివించుకుని నదిలో పారెయ్యి. ఇక్కడినుంచి పిన్ని మాటలు.

అక్కా, పండుగ మర్నాడు మంగలి వెన్నోఫర్ అంజూరాలు పట్టుకుని దొడ్డిగుమ్మంలోంచి వచ్చాడు. అతను వెనక కొయ్య మోస్తాడు. ఎవరికీ చెప్పకు తల్లీ, స్వామిని లాగింది నేనే, ఆ కుర్రాణ్ణి చూస్తూ చూస్తూ గనులకు పంపలేకపోయాను, ఇప్పుడు స్వామి నన్నేం చేస్తాడో అని వణికిపోయాడు. అతన్ని ఓదార్చి పంపానో లేదో, అతని పక్కన మోసే ఆలివ్ తోట ఆయన వచ్చాడు. అదే మాట, అదే వణుకు. నేనొక్కణ్ణే చేశాను అన్నాడు. చివరికి పెతెసే సొంత తమ్ముడు కూడా వచ్చాడు. మా అన్నకు తెలిస్తే చంపేస్తాడు వదినా, నేనే లాగాను అన్నాడు. ఒక్కొక్కడూ మిగతావాళ్ళంతా నీతిగా నిలబడి ఉంటారు, అందర్నీ తానే లాక్కెళ్ళాలి అనుకుని ఉన్న బలమంతా పెట్టాడు. ఇక స్వామి పరుగెత్తక ఏం చేస్తాడు? పొయ్యి మీద రొట్టె మాడిపోయేదాకా నవ్వాను, తరువాత అంతసేపూ ఏడ్చాను. ఆ గోడ వెనక ఉప్పుందని వాళ్ళలో ఒక్కడికీ తెలియదు. దాని గురించి ఎక్కువ ఆలోచిస్తే నాకు తల తిరుగుతోంది.

ఇక నీ మరిది సంగతి. పండుగకు ముందు ఆయన కాళ్ళు పట్టుకున్నాను. ఒక్క అడుగు వెనక్కి లాగు, మన పిల్లవాడు అని బతిమాలాను. దేవుడి నోట్లో నా మాట పెట్టలేనే అన్నాడు. అప్పటినుంచీ ఆయనతో మాట్లాడలేదు. అంతా అయిపోయాక, నువ్వూ లాగావు కదూ, ఒప్పుకో, నేనేమీ అనను అన్నాను.  లాగలేదే, లాగాలని చేతులు పీకేస్తుంటే భయమేసింది, అందుకని కాళ్ళు నేలకు తన్నిపట్టి ముందుకే ఒరిగాను, వాడు పోతే నేనూ చచ్చిపోదామనుకునే ఒరిగాను, అయినా స్వామి పిల్లి తన కూనను కరుచుకుపోయినట్టు నన్ను ఎత్తుకుపోయాడే అన్నాడు. అని భోరుమన్నాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం చూడటం ఇదే మొదలు.

మిగతావాళ్ళ సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. వాళ్ళంతా తప్పుచేసిన మొహాలతో గుడి చుట్టూ తిరుగుతున్నారు. స్వామి తనంతట తానే నడిచాడని ఒళ్ళంతా తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఈయనొక్కడే. నువ్వు ఇటు వచ్చినప్పుడు ఆయన దగ్గర నోరు జారకు.