మ్యాట్ కింద ఏముందో

బుధవారం రాత్రి, అనకాపల్లి

ఢిల్లీలో అమ్మకానికి పెట్టిన ఓ పాత కారుకి మధ్యాహ్నం అడ్వాన్స్ పంపేశాను. అప్పట్నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. ఇక్కడి బళ్లకన్నా బాగా చవక, తిరిగింది కూడా తక్కువే. కానీ నేను చూసింది ఫోన్‌లో వీడియో ఒక్కటే. పైగా బండికున్న ఢిల్లీ నంబరు మార్పించుకోవడానికి ఆర్టీఓ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో!

సాయంత్రం దేవరాపల్లి నుంచి మా బావ నా కొట్టుకి బెల్లం అమ్మడానికి తెచ్చాడు. ఎప్పటిలాగే ఒక దిమ్మ పగలగొట్టి, లోపలి రంగు చూసి, ముక్క నోట్లో వేసుకున్నాకే ధర చెప్పాను. కారు సంగతి చెప్తే పకపకా నవ్వాడు.

"నా బెల్లమే నోట్లో ఏసుకోందే కొనవు. ముక్కూమొకం తెలీనోడి కారు ఫోన్లో సూసి కొనేసేవేటి బావా? వరదలో మునిగిన బండేమో! ఆ వాసన ఫోన్లో వత్తాదేటి?"

నేనూ నవ్వేశాను. భోజనం అయ్యాక ఆ వీడియో నాలుగుసార్లు చూశాను. అమ్మేవాడు ఇంజన్ చూపించాడు, సీట్లు చూపించాడు, పాటలు కూడా పెట్టి వినిపించాడు. కాళ్ల కింద మ్యాట్ మాత్రం ఎత్తలేదు.

ఎత్తి చూపించమని అడగాలని, వీడియో పంపాక అతను ఫోన్ చేసిన రోజే అనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది కూడా. ఎత్తితే కింద తుప్పు కనబడుతుందేమో, కనబడితే వద్దనాల్సి వస్తుందేమోనని నేనే ఊరుకున్నాను.