నాలుగు వందల పన్నెండు లేబుళ్ళు

మార్చి 3

ప్రియమైన పెన్సిలమ్మకి,

ఫోన్లో మాట్లాడితే మాటా మాటా పెరిగి నువ్వైనా పెట్టేస్తున్నావు, నేనైనా పెట్టేస్తున్నాను. ఉత్తరంలో ఆ సదుపాయం లేదు. అందుకే రాస్తున్నాను.

హెడ్డాఫీసులో నా కొత్త సీటు కిటికీ పక్కనే. గదిలో కుళాయి కారుతోంది, ఇంటాయన రేపు మాపు అంటున్నాడు. అమ్మ మోకాలు ఎలా ఉందో రాయి.

ఇక అసలు విషయం. జపాను మందుల షాపుల గొడవ ఇంకా తెగలేదు. మన ప్రోగ్రాం మందుల కవరు మీద ‘రోజుకి మూడుసార్లు, తిన్నాక’ లాంటి లేబుళ్ళు వాళ్ళ లిపిలో వేయాల్సిన చోట ఖాళీ డబ్బాలు వేసింది కదా, ఆ రెండు రోజులూ అక్కడివాళ్ళు కవర్లన్నీ చేత్తో రాసుకున్నారట. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పరీక్ష కాగితం మీద ఉన్నది నీ సంతకం. అందుకే నిన్ను తీసేశారు. అది నాకు మాత్రం బాగుందా?

దీంతో ఒక కాగితం పంపుతున్నాను. ‘పరీక్షలో కొన్ని లేబుళ్ళు నా దృష్టికి రాలేదు, అందుకు చింతిస్తున్నాను’ అని రెండే లైన్లు. నువ్వు సంతకం పెడితే కంపెనీవాళ్ళు ఫైలు మూసేసి నీకు మంచి అనుభవ పత్రం ఇస్తారు. రెండు లైన్లకి తల తెగిపోదు. నెలాఖరు లోపు పంపు.

నీ జవాబు కోసం చూస్తూ,
మీ ఆయన

మార్చి 9

ప్రియమైన ఇంజినీరు గారికి,

అత్తయ్య మోకాలు నయమే. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయిని తిట్టేంత ఓపిక వచ్చింది. మీ కాగితం ఆవిడకి చదివి వినిపించాను. ‘వీడు మొగుడా, కంపెనీ తరఫు ప్లీడరా?’ అన్నారు.

నాకు జపాను భాష రాదు. ఆఫీసులో ఎవరికీ రాదు. అందుకే అనువాదకుడు పంపిన అచ్చు కాగితాల సైజుకి స్క్రీను సరిచేసుకుని, దానికి ట్రేసింగ్ పేపరు ఆనించి, కనబడిన ప్రతి అక్షరాన్నీ గీత గీతా పెన్సిలుతో దింపాను. తర్వాత దాన్ని అచ్చు కాగితం మీద పెట్టి వెలుతురులో చూశాను. నాలుగు వందల పన్నెండు లేబుళ్ళు, పదకొండు రోజులు. మెడ పట్టేసింది. ఆఫీసంతా నవ్వింది. పెన్సిలమ్మ అని పేరు పెట్టింది కూడా మీరే.

గురువారం సాయంత్రం నేను సంతకం పెట్టేసరికి ఒక్క డబ్బా కూడా లేదు. శనివారం మీరు డిస్కు పంపించారు. మధ్యలో ఉన్నది శుక్రవారం ఒక్కటే. ఆ రోజు ఏమైనా మారిందా? ఊరికే అడుగుతున్నాను.

ఇంకో సంగతి. దేశపటాలు అచ్చువేసే సంస్థలో పరీక్షకురాలి ఉద్యోగం ఉంది. వాళ్ళు ఇచ్చిన పని చేసి చూపించాను, నచ్చింది. పాత కంపెనీని ఒక మాట అడిగి ఇరవై ఎనిమిదిన చెప్తామన్నారు. మీరు పంపిన కాగితం మీద సంతకం పెడితే వాళ్ళకి ఎలాంటి జవాబు వెళ్తుందో మీరే ఆలోచించండి. నా వయసులో ఇలాంటి పని మళ్ళీ దొరకదు. చూసినదాన్ని చూడలేదని నేను రాయను.

అత్తయ్య ఆశీస్సులతో,
మీ పెన్సిలమ్మ

మార్చి 14

ప్రియమైన పెన్సిలమ్మకి,

కుళాయి బాగయింది. ఇప్పుడు తలుపు పట్టట్లేదు.

నువ్వు ఊరికే అడగవని పదేళ్ళ నుంచీ తెలుసు. కాబట్టి చెప్తున్నా విను. కంప్యూటరుకి అక్షరం అంటే ఒక అంకె. ఆ అంకెకి ఏ బొమ్మ వేయాలో ఫాంటు ఫైల్లో ఉంటుంది. ఫాంటులో ఆ బొమ్మ లేకపోతే ఖాళీ డబ్బా వేస్తుంది. మన ప్రోగ్రాం మనం పంపిన ఫాంటు తప్ప ఇంకోటి వాడదు. అక్కడి కంప్యూటర్లలో ఏం తేడా వచ్చిందో ఎవరికి తెలుసు? ఇక శుక్రవారం అంటావా, ఆ రోజు అందరికీ హడావిడే. ఎవరు ఏం ముట్టుకున్నారో ఇప్పుడు చెప్పడం కష్టం.

ఇక్కడ నన్ను ఇంకా ఖాయం చేయలేదు. నా భార్య పేరు విచారణలో నలుగుతుంటే నాకూ ఇబ్బందే. పటాల వాళ్ళు కాకపోతే ఇంకొకరు. పట్టూ విడుపూ ఉండాలి, తెగేదాకా లాగకు. ఆ సంతకం పెట్టేయ్.

నీ మేలు కోరే,
మీ ఆయన

మార్చి 19

ప్రియమైన ఇంజినీరు గారికి,

నా గొడుగూ కళ్ళజోడూ తెచ్చుకోవడానికి నిన్న ఆఫీసుకి వెళ్ళాను. డిస్కులు భద్రం చేసే పెద్దాయన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మనం పంపిన డిస్కు నకలు ఒకసారి చూస్తానంటే కాదనలేదు.

అందులో ఫాంటు ఫైలు తేదీ శుక్రవారం. సమయం సాయంత్రం ఆరూ నలభై. మార్చినవాళ్ళ పేరు దగ్గర మీ పేరుంది. సైజు చూస్తే, నేను పరీక్షించిన ఫాంటులో మూడో వంతు. లేబుళ్ళన్నీ తెరిచి లెక్కపెట్టాను. ముప్ఫై ఏడింట్లో డబ్బాలు. సంతకమయ్యాక ఏ ఫైలు మారినా పరీక్షించిన మనిషికి చెప్పి తీరాలి. ఆ నియమం రాసింది మీరే.

ఏమైనా దొరికిందా అని పెద్దాయన అడిగారు. లేదన్నాను. ట్రేసింగులన్నీ బీరువాలో ఉన్నాయి. విచారణ కమిటీ దగ్గరికి బస్సులో ఇరవై నిమిషాలు. వెళ్ళలేదు. మొగుడి మీద ఫిర్యాదు చేసి తెచ్చుకున్న ఉద్యోగంతో నాకు అన్నం సహించదు. అంతమాత్రాన కోపం లేదనుకోకండి. చాలా ఉంది. పొద్దున లేస్తూనే ఉంటోంది. బెల్లం కొట్టిన రాయిలా ఏంటే అలా కూర్చున్నావు అని అత్తయ్య అడిగితే, తలనొప్పి అన్నాను.

మీ కాగితం తిప్పి పంపుతున్నాను. సంతకం లేదు. నేను ఎవరికీ చెప్పను. చెప్పాల్సింది నేను కాదు. ఇరవై ఎనిమిదికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

ఉంటాను,
మీ పెన్సిలమ్మ

మార్చి 25

ప్రియమైన పెన్సిలమ్మకి,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. ఈ పొద్దున మేనేజరు చేతికి నాలుగు పేజీలు ఇచ్చాను. నకలు దీంతో పంపుతున్నాను. పటాల సంస్థకి నిజం రాయమని కూడా అడిగాను. రాస్తామన్నారు.

డిస్కు, జపానువాళ్ళు పెట్టిన సైజు పరిమితిని దాటింది. శుక్రవారం సాయంత్రం ఫాంటు కోసి చిన్నది చేశాను. ఏ అక్షరాలు ఉంచాలో తేల్చడానికి లేబుళ్ళ జాబితా తీసుకున్నాను, కానీ అది పాతది. చివర్లో చేరిన అరవై లేబుళ్ళు అందులో లేవు. చేశాక నాలుగు లేబుళ్ళు తెరిచి చూశాను. బాగానే ఉన్నాయి, చాలనుకున్నాను. నీకు చెబితే మళ్ళీ పదకొండు రోజులు. శనివారం డిస్కు వెళ్ళకపోతే ఈ సీటు ఇంకొకరికి వెళ్ళిపోయేది.

నాలుగు పేజీల్లో రాయనిది ఒకటుంది. ఆ రెండు లైన్ల కాగితం కంపెనీ అడగలేదు. కమిటీ అప్పటికి డిస్కు తెరవనేలేదు. నువ్వు ఒప్పేసుకుంటే ఇక తెరవరని నేనే రాసి పంపాను. అనుభవ పత్రం ఇస్తారన్న మాట కూడా నేను అల్లిందే.

రేపటి నుంచి ఆఫీసుకి రావద్దన్నారు. గది ఖాళీ చేసి పది రోజుల్లో వస్తాను. నీకు కష్టం కలిగించినందుకు క్షమించు.

తప్పు చేసిన,
మీ ఆయన

మార్చి 29

ప్రియమైన ఇంజినీరు గారికి,

పటాల సంస్థవాళ్ళు నన్ను తీసుకున్నారు. పరీక్షలో లోపం లేదని కంపెనీ ఉత్తరం రాసిందట. సోమవారం నుంచి వెళ్ళాలి.

అత్తయ్యకి అంతా చెప్పాను. ‘చిన్నప్పుడు వాడికి అబద్ధం ఆడటం వచ్చేది కాదే’ అన్నారు.

మీ నాలుగు పేజీలు చదివాను. తేదీలు, గంటలు, ఫైళ్ళు, ఎక్కడా తప్పు లేదు. కంపెనీకి చేసినదంతా వరసగా ఉంది. నాకు చేసినదానికి మాత్రం ‘కష్టం కలిగించినందుకు’ అని ఒక్క లైను రాశారు.

నన్ను తీసేసిన రోజు నేను అందరి ముందూ బల్ల ఖాళీ చేసుకుంటుంటే, మీరు రెండు బల్లల అవతల కూర్చుని ఉన్నారు. శుక్రవారం సంగతి మీకు అప్పటికే తెలుసు. ఆ సాయంత్రం బస్సులో నేను ఏడుస్తుంటే, నా తప్పు ఎక్కడుందో వెతుక్కోమని సలహా ఇచ్చారు. వెతుక్కున్నాను. నెల రోజులు, ఆ ట్రేసింగులన్నీ మళ్ళీ మొదటి నుంచీ వెతుక్కున్నాను. నా కళ్ళే చెడిపోయాయేమోనని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. మీరే తోడు వచ్చారు.

ఇవేవీ మీ ఉత్తరంలో లేవు. ఇప్పుడప్పుడే రావద్దు. ముందు ఇవి రాయండి. కమిటీకి రాసినంత వివరంగా రాయండి. మీరు రావచ్చో లేదో అది చదివాక చెప్తాను.

మీ ఆవిడ