గ్రహణం చూసిన ఫిల్మ్

చెల్లె హెప్సిబా, ఫోన్లో అయితే నాయన వింటాడని నీ బడికే కార్డు రాస్తున్నాను.

తొర్రూరులో తీసిన ఆయన ఎక్స్‌రే ఇక్కడ వరంగల్ దవాఖానలో నా కంప్యూటర్‌లోకే వచ్చింది. ఊపిరితిత్తిలో మచ్చ ఉంది. "పాత ఫిల్మ్ చూస్తేనే ఇది పాతదో కొత్తదో తెలుస్తది" అన్నాడు డాక్టరు. అన్ని దవాఖానలనూ కలిపిన ఈ సిస్టంలో అది లేదు! "పేదోని పాత రోగం యాదికుండని సిస్టం ఎందుకు సార్?" అని అరిచాను. "జర ఆగు శాంసన్, ముందు ఇంట్ల దేవులాడు" అన్నాడు.

చిన్నప్పుడు మనం గ్రహణం చూసింది ఆ ఫిల్మ్‌లోంచే. నాయన పక్కటెముకల నడుమ సూర్యుడు. నాకియ్యి, నాకియ్యి అని ఎంత కొట్లాడుకున్నాం! ట్రంకు పెట్టె అడుగున ఉంటుంది, మడవకుండా ఉప్పలయ్య మామతో పంపు. నాయన దగ్గు తగ్గిందా?

సిస్టంతో తృప్తిగా ఉన్నారా అని సిబ్బందికి ఫారాలిచ్చారు. ఫిల్మ్ వచ్చాకే నాది నింపుతాను.

అమ్మకు వందనాలు చెప్పు. నాయనకు మాత్రం ఏమీ చెప్పకు.

నీ అన్న, శాంసన్