మావా, నాకు సెల్యూట్ కొట్టనక్కర్లేదు

సైన్యంలో జీవితమంతా వంటచేసి, పోయినేడు కాలం చేసిన మావయ్యగారికి,

ఇకపై తమరు నన్ను చూస్తే లేచి సెల్యూట్ కొట్టవలసిన దుస్థితి కల్పించినందుకు శతకోటి క్షమాపణలు. తమరి మేనల్లుడు ఇవాళ లెఫ్టినెంటయ్యాడు.

నువ్వు రిటైరై ఇంటికొచ్చాక, నేను డిగ్రీ చదివినన్నాళ్లూ తెల్లారగట్టే సైకిలేసుకుని ఆమదాలవలస రోడ్డు మీద నన్ను తరిమావు కదా, "పరిగెట్రా ఎదవా, ఆపీసరువి అవుతావు" అంటూ. అయ్యాను.

పరేడయ్యాక భుజాల మీద నక్షత్రాలు కన్నవాళ్లే పెట్టాలి. మా అమ్మ, అంటే మీ అక్కగారు, ఒకటి వంకరగా పెట్టింది. "మీ మావైతే తిన్నగా పెట్టీవోడు" అంది.

అంతలో ఒక పెద్ద ఆఫీసరు వచ్చి, మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా సైన్యంలో చేశారా అని అమ్మను హిందీలో అడిగాడు. చుట్టూ కల్నళ్లు, వాళ్ల కొడుకులు.

"ఏటంతన్నార్రా?" అంది అమ్మ.

"ప్రయాణం బాగా జరిగిందా అంతన్నారే."

"బాగా జరిగింది బాబూ, రైల్లో కూకుని వొచ్చీసినాం" అని అమ్మ ఆయనకు దణ్ణం పెట్టింది.

నువ్వు వంటవాడివని చెప్పడానికి నామోషీ వేసింది మావా. అమ్మ జవాబును నేనే ఆయనకు హిందీలో చెప్పాను: "మా ఇంట్లో వీడే మొదటివాడు అంటోంది, సార్."