నీ తమ్ముడి రక్తపరీక్ష

రేణుకా, బిడ్డా,

ఇవాళ నువ్వు పుట్టిన రోజు. మాటలు రాకుండానే ఐదేళ్లకు వెళ్లిపోయావు. ఈ ఉత్తరం నీకు అందదని తెలిసే రాస్తున్నాను.

నువ్వు పోయాక నీకు తమ్ముడు పుట్టాడు. నీకు వచ్చిన ఫిట్స్ గురించి, కోపమొస్తే తల గోడకు కొట్టుకోవడం గురించి చెప్తే, మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ వాడికి పుట్టిన వారంలోనే రక్తపరీక్ష చేయించింది. ఫినైలాలనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుందట. అది అందరికీ తిండి నుంచే అందాలట. వాడి ఒంట్లో మాత్రం అరగక పేరుకుపోయి మెదడునూ నరాలనూ దెబ్బతీస్తుందట. పాలు, పప్పులు, గుడ్లలో ఎక్కువట.

మీ బాపు అడిగాడు. "మా పెద్దబిడ్డకు గూడ గిదేనా మేడమ్?"

"అయ్యుండొచ్చు. పరీక్ష చెయ్యలేదు గదా, గట్టిగ చెప్పలేను."

"ఇంట్ల రెండు బర్లుండె మేడమ్. ఏడ్చినప్పుడల్లా పాలే పట్టినం."

"మీకెట్ల తెలుస్తది?" అందామె మెల్లగా.

తమ్ముడికి ఇప్పుడు ఏడాది దాటింది. పాలు కొలిచి పోస్తాం, డాక్టరమ్మ రాసిన, ఆ ఆమ్లం లేని పొడి కలిపి తాగిస్తాం. ఫిట్స్ రాలేదు. బాగా నవ్వుతాడు. నీ ఫొటో చూపించి నేర్పితే, ఈ పొద్దున "అక్క" అన్నాడు. మేమిద్దరం మురిసిపోయేలోపే, పిలిస్తే నువ్వు వస్తావనుకున్నాడేమో, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ