గణం తప్పిన చోట

గ్రేటర్ నోయిడా

నాన్నగారికి,

మీ చిన్నమ్మాయి సుగుణ వందనాలు. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అమ్మ షుగరు మాత్ర మర్చిపోకుండా వేసుకుంటోందా? నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను, అమ్మకీ అదే చెప్పండి.

ఇక్కడ చలి ముదిరింది. పొగమంచులో ఎదురు బ్లాకు కనబడడం లేదు, గొంతు మండుతోంది. హాస్టల్ మెస్సులో వారానికి నాలుగు రోజులు రాజ్మానే. అన్నం మీద మరీ బెంగ పుడితే ఆదివారం ప్రార్థన అయ్యాక ఢిల్లీ అశోకా రోడ్‌లో మన ఆంధ్రావాళ్ల క్యాంటీన్ దాకా వెళ్లి, పప్పూ గోంగూరతో కడుపునిండా తిని వస్తాను. రానూపోనూ రోజంతా అయిపోతుంది. అలసిపోయాను నాన్నగారూ. సివిల్స్ రెండుసార్లు తప్పిన అలసట ఒకటి, ఈ వార్డెన్ పని అలసట ఇంకొకటి.

పోయిన వారం ప్రియ అని, మన గుంటూరు వైపు పిల్ల, నాకు చెప్పకుండా గేటు దాటి జైపూర్‌లో నాటకాల పోటీకి వెళ్లింది. వాళ్ల నాన్న వద్దన్నారట. తిరిగొచ్చాక నా గదిలో నిలబెట్టి, "గర్వం నెత్తికెక్కిందా?" అన్నాను.

"గర్వం కాదు దీదీ, వెళ్లాలనిపించింది, వెళ్లాను. తిట్టండి, ఠీక్ హై," అంది.

నా నోట్లోంచి వచ్చింది మీ మాటే. టీచరు పోస్టులో చేరమంటే వినకుండా ఢిల్లీ రైలెక్కిన రోజు, గుమ్మంలో నిలబడి మీరన్నారు: "గర్వం. స్వతంత్రించి పోతున్నావు." మూడేళ్లయింది, మళ్లీ నాతో మాట్లాడలేదు. వద్దని చెప్పేవాళ్లకీ ఇంత అలసట ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

అందుకే అమ్మ పంపిన పార్సిల్‌లో ఆవకాయ సీసా కింద మీ కావ్యం నోటుపుస్తకాలు, వాటి మీద మీ చీటీ చూసి మళ్లీ మళ్లీ చదువుకున్నాను. "గణం తప్పిన చోట దిద్ది టైపు చెయ్యి." మూడేళ్లలో మీరు నాకు రాసింది ఈ ఒక్క వాక్యం.

పిల్లలు క్లాసులకి పోయిన మధ్యాహ్నాలు టైపు చేస్తున్నాను. దేవుడి ఎదుట తల వంచని దూత పద్యాలు ఎంత బాగా కుదిరాయో. ఆ పొగరు ఎక్కడ చూసి రాశారని ఎవరైనా అడిగితే నా పేరొక్కటే చెప్పకండి, మనిద్దరికీ ఉంది.

ఒకచోట మాత్రం చెయ్యి ఆగింది. తొలి స్త్రీ ఆజ్ఞ మీరి పండు కోసే పద్యంలో మొదట "స్వతంత్రించె" అని రాశారు. నన్నన్న మాటే. తర్వాత దాని పైన పెన్సిలుతో "స్వతంత్రించుకొనె" అని దిద్దారు. తండ్రిది బిడ్డలకు దక్కడాన్ని చర్చిలో అలాగే అంటాం కదా. రెండక్షరాలు పెరిగేసరికి ఆమె తప్పు కాస్తా ఆమె వారసత్వమైంది. గణం మాత్రం తప్పింది. బడిలో అన్నేళ్లు ఛందస్సు చెప్పిన మీకు అది తెలియకుండా ఉండదు. చాలాసేపు ఏడ్చాను.

అమ్మకీ పాస్టరుగారికీ నా వందనాలు. ఈసారి కాస్త కారప్పొడి కూడా పంపమనండి. ప్రార్థనలో నన్ను తలుచుకోండి.

గణం తప్పితే దిద్దమన్నారు. ఆ ఒక్కచోట దిద్దలేదు, మీరు పెన్సిలుతో రాసిందే ఉంచాను. ఇదీ స్వతంత్రించి చేసిన పనే. కోప్పడాలనిపిస్తే ఫోన్ చేసి కోప్పడండి.

మాట వినని మీ కూతురు,
సుగుణ